మామయ్య దాచిన కబురు

మొన్న హెర్నియా ఆపరేషన్ అయిన మర్నాడు డాక్టరమ్మ వచ్చి, "గ్యాస్ పోయిందా తాతా?" అనడిగింది. కుట్లు లాగుతున్నా నవ్వు ఆగలేదు నాకు. ఆ పిల్లకేం తెలుసు, ఒకప్పుడు అదే ప్రశ్నకు జవాబు కోసం మా ఇంటిల్లిపాదీ ఏడ్చామని!

తొంభైల్లో మాట. మా మేనమామది జార్జి టౌన్‌లో ఎండుమిర్చి హోల్‌సేల్ దుకాణం. అంత మర్యాదస్థుణ్ణి నేను చూడలేదు. ఆ ఘాటులో కూడా తుమ్మొస్తే వీధిలోకి వెళ్ళి తుమ్మి వచ్చేవాడు. అలాంటి మనిషి ఓ మధ్యాహ్నం కడుపు పట్టుకుని బస్తాల మీద వాలిపోయాడు. పేగు పక్కకెళ్ళిందని అత్తయ్య ఆముదం రాసి తోమబోతే ముట్టుకోనివ్వలేదు. పొట్ట తప్పెటలా బిగిసింది. ఆస్పత్రిలో కోసి చూస్తే, చిన్నపేగు పోయి పెద్దపేగును చుట్టుకుని రెండూ ముడిపడ్డాయట. మెలిపడటం చూశాను గానీ ఇలా ముడిపడటం అరుదంటూ డాక్టరు బొమ్మ గీశాడు. ఎనిమిదో తరగతితో బడికి దండం పెట్టిన నాక్కూడా అర్థమైంది. నల్లబడిన పేగు తీసేసి, మిగిలింది అతికారు.

ఇక కింద నుంచి గాలి పోవాలి. పోతే పేగు పనిలో పడ్డట్టు. "పోయిందా?" అని డాక్టరు అడగడం, మామయ్య గోడవైపు చూస్తూ తల అడ్డంగా ఊపడం. చివరికి డాక్టరు, "రేపటికీ పోకపోతే మళ్ళీ తెరవాల్సి వస్తుందేమో" అన్నాడు. అత్తయ్య వరండాలో నేలమీదే కూలబడింది.

మంచం పక్కన మామయ్య కొత్త కోడలు విసనకర్రతో విసురుతోంది. నాకెందుకో అనుమానమొచ్చి, చేతికి ఫ్లాస్కిచ్చి ఆమెను కాఫీకి పంపాను.

"మామా, నిజం చెప్పు. పోలా?"

"పొద్దన్నే పోయిందిరా."

"అయ్యో రామా! మళ్ళీ కోస్తామంటాండారు, తెలుసునా? డాక్టరుకి చెప్పేదానికేం?"

"కోడలుపిల్ల ఈడనే కూచోనుంటే ఎట్ట చెప్పేది? పొట్టదేముంది, కోసుకోనీ. మర్యాద పోతే యాడ తెచ్చేది?"

పరుగున పోయి డాక్టరుకు చెప్పి వస్తుంటే మెట్ల దగ్గర కోడలు ఎదురైంది. సంగతి చెబితే తల వంచుకుంది.

"నాకు తెలుసన్నా. ఇనపడింది. మామ సిగ్గుపడతాడని నిద్రపోయినట్టు ఉండిపోతిని. అత్తకి చెప్దామని నోరు తెరిచేది, మూసేది. ఇదే పని."

అంతవరకూ మామయ్య ఆమెతో నేరుగా మాట్లాడి ఎరగడు. ఏం కావాలన్నా గోడకు చెప్పేవాడు. డాక్టరు గుక్కెడు నీళ్ళు తాగొచ్చన్న ఆ సాయంత్రం, మొదటిసారి "అమ్మా, నీళ్ళియ్యి" అన్నాడు. ఆమె జాగ్రత్తగా పట్టించి, బయటికొచ్చి వెక్కివెక్కి ఏడ్చింది.

మనుషుల మధ్య బిడియం అరగడానికి మామూలుగా ఏళ్ళు పడుతుంది. మా ఇంట్లో కాలానికి అంత తీరిక దొరకలేదు, ఆ ఒక్క పూటలోనే అరిగిపోయింది.