ఎవరూ తొడగని ముక్కలు

ఏలూరులో మేం అద్దెకున్న మేడ మెట్ల కింద ఒక టైలరు మిషన్ వేసుకుని కూర్చునేవాడు. దెందులూరు నుంచి రోజూ బస్సులో వచ్చేవాడు. కొత్త బట్టలు కుట్టడం ఎప్పుడో మానేశాడు. దుకాణాల్లో కొన్న జీన్స్ ప్యాంట్ల పొడవు తగ్గించడమే అతని పని. రెండువేల ఐదు, ఆ ప్రాంతం. కాలేజీ కుర్రాళ్ళ దగ్గర్నుంచి బ్యాంకు గుమాస్తాల దాకా అందరూ జీన్స్‌లోకి దిగారు. ఎవరు కొన్నా బెత్తెడో జానెడో ఎక్కువ ఉండేది. కత్తిరించిన చివర గాజులా గుండ్రంగా కిందపడేది. సాయంత్రానికి మెట్ల కింద నీలం గాజుల గుట్ట తయారయ్యేది.

రోజూ ఆ గుట్టను దాటుకుంటూ వెళ్ళేదాన్ని. ఒకరోజు ఆగాను.

"ఏమయ్యా, ఈ ఊళ్ళో ఒక్కడికీ ప్యాంటు సరిపోదా?"

"కంపెనీ వాళ్ళు కొలతలు తీసుకుంది మన ఏలూరోళ్ళ దగ్గర కాదు కదండీ అమ్మగారూ. అయినా సరిపోతే నేనేం తినాలండి?"

"మరి ఈ ముక్కలేం చేస్తావు?"

"మెకానిక్కులు గ్రీజు తుడుచుకోడానికి పట్టుకెళ్తారండి. మిగిలినవి చెత్తలోకే."

ఒక ముక్క తీసుకుని పైకెళ్ళాను. ముఖం వైపు నీలం, వెనకవైపు తెలుపు. ఇదెలా కుదిరిందో తెలుసుకోవాలనిపించి అంచున పోగులు లాగాను. నిలువు పోగులన్నీ నీలం, అడ్డపోగులన్నీ తెలుపు. నీలం పోగును గోటితో గీకితే లోపల అదీ తెల్లగానే ఉంది. రంగు పైపైనే పట్టి ఉందన్నమాట. భలే చిత్రంగా ఉందే అనుకున్నాను. అక్కడితో ఆగకుండా ఇంకొంచెం ఆలోచించి ఉంటే తర్వాత జరిగింది జరిగేది కాదు.

మాది కొల్లేటి ఒడ్డున పేరున్న కుటుంబం. ఇప్పుడు ఆ భూములు వేరేవాళ్ళ చేపల చెరువులు. ఆ సంగతి చెప్పుకుని జాలి పుచ్చుకునే అలవాటు మాకు లేదు. ఇంకొక అలవాటు కూడా లేదు: ఒకరు కట్టి విడిచిన బట్ట మా ఇంట్లోకి రావడం, మేం విడిచింది ఇంకొకరింటికి పోవడం. మా ఇంట పుట్టిన బిడ్డను మా ఇంటి ఆడవాళ్ళ పాత నేతచీరలతో కుట్టిన బొంత మీదే ఉయ్యాలలో వేసేవాళ్ళం. పసిబిడ్డకు పాతబట్ట మెత్తన. నన్నూ వేశారు, నా కూతురినీ వేశారు.

ఆ ఏడాది కూతురు పురిటికి తణుకు నుంచి మా ఇంటికొచ్చింది. ఆడపిల్ల పుట్టింది. ఇరవై ఒకటో రోజున ఉయ్యాలలో వేయాలి, వియ్యాలవారు వస్తారు. పాత బొంతలు ఎప్పుడో చివికిపోయాయి, ఇంట్లో చూస్తే ఒక్క నేతచీర లేదు. మా అమ్మ తన చీరల్ని చివరి పోగు దాకా కట్టింది. ఆ తర్వాత మేం కట్టినవన్నీ పాలిస్టర్. పాలిస్టర్ బొంత చెమ్మ పీల్చదు, పసిబిడ్డకు పనికిరాదు. ఉయ్యాలలో దుకాణంలో కొన్న పరుపు కనబడినా వియ్యపురాలు ఏమీ అనదు. మంచి మనిషి. ఏమీ అనకుండా పక్కకు చూస్తుందే, అది నేను పడలేను.

మెట్లు దిగి టైలరుతో చెప్పాను, ఇకనుంచి ఆ ముక్కలు నాకు ఉంచమని. దేనికని అడిగాడు. చెప్పాను. అతను మిషన్ ఆపేశాడు.

"కొత్త బట్టండి, రంగు దిగుద్ది. పసిబిడ్డకంటున్నారు కదా, మా పిల్లల పాత ప్యాంట్లున్నాయండి. ఉతికి ఉతికి దూదిలా అయిపోయినియ్యి. తెమ్మంటారా?"

"అక్కర్లేదు. ఇవైతే ఎవరూ తొడగనివి."

నిజంగానే నా మనసుకు నచ్చింది అదే. ఆ ముక్కలు ప్యాంటువే అయినా మనిషివి కావు. ఎవరి కాలూ వాటిలో నడవలేదు. ఒకరి పాతబట్టా, ఎవరిదీ కాని కొత్తబట్టా అని రెండిట్లో ఒకటి ఎంచుకోవాల్సివస్తే నేను రెండోదే ఎంచుకున్నాను.

మరునాటి నుంచి సంచుల కొద్దీ పంపాడు. ఒక్కో గాజును కుట్టు దగ్గర విప్పితే రెండు జానల పొడవు పట్టీ అయ్యేది. ఒకే ప్యాంటువి రెండూ జతగా పెట్టేదాన్ని. పట్టీ వెడల్పు చూసి ఆ మనిషి ఎంత ఎత్తుంటాడో ఊహించడం ఒక సరదా. ఒక జత మూరకు నాలుగు వేళ్ళే తక్కువ. అంత కత్తిరించాక ఆ ప్యాంటులో ఏం మిగిలిందా అని టైలరును అడిగితే, "ఆయన పొట్టకి సరిపోయే ప్యాంటు ఆ పొడుగులోనే దొరికిందండి" అన్నాడు.

నీలాలు ఎన్ని రకాలో నాకు అంతకుముందు తెలియదు. బొగ్గుకు దగ్గరగా ఉండేది, వంకాయ రంగులోకి తిరిగేది, బూడిద చల్లినట్టుండేది. పైన లేత పట్టీలూ కింద ముదురువీ పేర్చాను. చిన్నప్పుడు పడవలో కూర్చుని చూసిన కొల్లేరు నీళ్ళు దూరాన అలా తెల్లబడుతూ పోయేవి. కుట్లు కలిసినచోట మందం పెరిగి మిషన్ సూదులు విరిగాయి. లావు సూది టైలరే తెచ్చిచ్చాడు. లోపల దూది పెట్టి చూస్తే తడిపాక ఎత్తలేకపోయాను. దూది తీసేసి వెనక ఒక్క పొర గళ్ళ గుడ్డ వేశాను. ఉప్పునీళ్ళలో ఒకసారి నానబెట్టాను. నీళ్ళు సిరాలా అయ్యాయి. దిగాల్సిన రంగంతా దిగిపోయిందనుకున్నాను.

ఉయ్యాలలో బొంత వేసి, దాని మీద ఒక తెల్లటి మెత్తటి గుడ్డ పరిచి ఉంచాను. ఇరవై ఒకటో రోజున వియ్యాలవారు మెట్లెక్కుతున్న చప్పుడు వినబడగానే నేనే ఆ గుడ్డ తీసేశాను. ఆ పట్టీల వరస అందరూ చూడాలని.

అందరూ చూశారు. వియ్యపురాలు వేలితో ఒక్కో పట్టీ తాకి, "ఎంత ఓపికండీ వదినగారూ మీకు!" అంది. పాటలయ్యాయి, భోజనాలయ్యాయి. వాన ముసురు, గాలి లేదు, ఇల్లంతా ఉక్క. పిల్ల ఉయ్యాల తడిపింది. అయినా ఏడవకుండా చాలాసేపు అలాగే పడుకుంది. మెలకువ వచ్చాక వియ్యపురాలు ఎత్తుకుని వీపు నిమిరి, ఒక్క కేక వేసింది.

"వదినగారూ! పిల్ల నీలమైపోయిందండీ!"

మెడ కింద నుంచి పిరుదుల దాకా నీలం. మడమలు నీలం. చెవి వెనక నీలం. ఆ క్షణంలో బొంత నాకు గుర్తే రాలేదు. గుండె జబ్బున్న పిల్లలు నీలంగా మారతారని ఎక్కడో విన్న మాటే చెవుల్లో మోగింది. పిల్లను లాక్కుని ఆటో ఎక్కాను. కూతురు, వియ్యపురాలు పక్కన. దారిలో కూతురు, "అమ్మా, పెదాలు ఎర్రగానే ఉన్నాయే" అంది. నేను వినిపించుకోలేదు.

పిల్లల డాక్టరు స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నాడు. తర్వాత దూది తడిపి పిల్ల వీపు మీద ఒక గీత గీశాడు. గీత పొడవునా తెల్లటి చర్మం బయటపడింది. దూది నీలమైంది.

"గుండె గడియారంలా ఉందమ్మా. దేని మీద పడుకోబెట్టారు?"

"బొంత మీదండి" అన్నాను. "జీన్స్ ముక్కలతో కుట్టాను."

"పాతవా, కొత్తవా?"

"కొత్తవి. ఎవరూ తొడగనివి."

"అందుకే" అని చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు. వియ్యపురాలు తన గంధం రంగు పట్టుచీర చూసుకుంది. భుజం మీద చిన్న చెయ్యి అచ్చు, నీలంగా. కోప్పడుతుందనుకుని నిలబడ్డాను. ఆవిడకు నవ్వు ఆగలేదు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో మెల్లగా అంది: "ఒక మాటంటాను, ఏమీ అనుకోకండేం. మా వాడి పాత జీన్స్ నాలుగు అటక మీద ఉన్నాయండి. పారేయబుద్ధి కాలేదు. పంపమంటారా?"

అల్లుడిది పరాయిబట్ట కాదని అనుకోవచ్చు. అలా సర్దిచెప్పుకోవడం సుళువే. కానీ నాలుగు ప్యాంట్లతో బొంత పూర్తికాదని నాకు తెలుసు. మిగతా బట్ట ఎక్కడుందో కూడా తెలుసు.

"పంపండి" అన్నాను.

మెట్ల దగ్గర ఆటో దిగాక వాళ్ళను పైకి పంపి నేను కిందే ఆగాను. టైలరు మిషన్ మీద నుంచి తలెత్తి, "పాపకెలా ఉందండి?" అన్నాడు. అతనికి అప్పటికే తెలిసిపోయింది.

"బాగుంది. నువ్వు తెస్తానన్న ప్యాంట్లు ఇంకా ఉన్నాయా?"

"ఉన్నాయండి. మోకాళ్ళ దగ్గర చినిగినియ్యండి మరి."

"ఫరవాలేదు. తీసుకురా."

మర్నాడు న్యూస్‌పేపరులో చుట్టి తెచ్చాడు. విప్పి చూశాను. ప్రతి ప్యాంటూ ఇస్త్రీ చేసి ఉంది. ఎలాగూ కత్తిరించబోయే ప్యాంట్లకు ఊడిన గుండీలు కూడా కుట్టాడు. నేను ఒక్కొక్కటి వెలుతురులో పెట్టి చూశాను. తొడ మీద తెల్లటి చారలు, కూర్చున్నప్పుడు పడే మడతలవి. ఒకదాని వెనక జేబు మీద దువ్వెన ఆకారం, పళ్ళతో సహా. ఒకడు ఎప్పుడూ కుడికాలు మీదే బరువేసి నిలబడతాడనుకుంటాను, ఆ మడమ వైపు అంచే అరిగింది. ఇన్ని సంగతులు నా కొత్త పట్టీలు ఒక్కటీ చెప్పలేదు. చెంపకు ఆనించుకుంటే మా అమ్మ చీరలా ఉంది.

రెండో బొంత కుట్టాను. దువ్వెన జేబు విప్పకుండా అలాగే వేశాను.

మొదటిదాన్ని మడతపెట్టి టైలరుకు ఇచ్చాను. మా ఇంటి బట్ట ఇంకొకరింటికి పోవడం అదే మొదలు. అతని బావమరిది కొల్లేట్లో చేపల చెరువు గట్టు మీద కాపలా ఉంటాడట. నెల తర్వాత కబురు తెచ్చాడు.

"ఆయ్, దోమ ముక్కు దిగట్లేదంటండి దాన్లోంచి! కాకపోతే పొద్దున్నే నీలంగా లేస్తన్నాడంట. గట్టు మీద వాళ్ళంతా ఒకటే ఆట పట్టించడం."

"ఉతికే కొద్దీ పోతుందిలే" అన్నాను. "ఎన్ని ఉతుకులకు పోతుందో లెక్కపెట్టమని మాత్రం చెప్పు. నాకు తెలియాలి."