ఊరు ముందు, పేరు తర్వాత

తడిసిన అట్టల వాసన ఎక్కడ తగిలినా నా మనసు ఫోరస్ రోడ్డు పక్కనున్న ఆ పాత దవాఖానాకు వెళ్లిపోతుంది. వాన మధ్యాహ్నాల్లో అక్కడి వెలుతురు కూడా నానినట్టుండేది. కూలి పనులకు వలసొచ్చి కామాఠీపురాలో స్థిరపడ్డ తెలుగువాళ్లు బెంచీల మీద కునుకుతూ పిలుపు కోసం ఎదురుచూసేవారు. వాళ్ల వైద్యం చీటీలన్నీ సొరుగుల్లో సర్ది చూసుకునే మనిషి లక్ష్మక్క. వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించడానికి చేరినదాన్ని నేను. చదువుకున్నానన్న పొగరు కాస్త ఎక్కువే.

మొదట్లో పేరు కొట్టగానే వివరాలు వచ్చేవి. రికార్డులు పెరిగేకొద్దీ వెతుకులాట నెమ్మదించింది. పుస్తకం చివర పదాల పట్టిక ఉన్నట్టు, పేర్ల మీద ఇండెక్స్ కట్టాను. అయినా లాభం లేకపోయింది. ఒకరోజు ఒకామె జ్వరంతో వణుకుతూ వచ్చింది. నర్సు సూది సిద్ధం చేసి, పడని మందులేమైనా ఉన్నాయేమో చూడమంది. ‘ఎల్లమ్మ’ అని కొట్టాను. తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది. లక్ష్మక్క తెర వైపు చూడనే లేదు.

"ఏ ఊరు బిడ్డా మనది?" అని ఆమెనే అడిగింది.

"మక్తల్ దిక్కు అక్కా. బారా నంబర్ గల్లీల ఉంటం."

లక్ష్మక్క మక్తల్ సొరుగు లాగి, పన్నెండో గల్లీ చీటీలు తిప్పి, ఒకటి పైకి తీసింది. ఆ సూది పడదని ఎర్ర సిరాతో రాసి ఉంది. "రుకో సిస్టర్!" అని అరిచింది. నర్సు చెయ్యి ఆగిపోయింది.

"మనోళ్లల్ల ఇంటికొక ఎల్లమ్మ. ఆడపిల్ల పుడితే దేవి పేరే పెట్టుకుంటిమి. ఉత్త పేరు పట్టుకొని ఎతుకుతే ఎట్ల దొరుకుతది? ముందుగాల ఊరడుగు," అంది. కోప్పడి ఉంటే బాగుండేదనిపించింది.

ఆ సాయంత్రమే ఇండెక్స్ మార్చాను. ముందు ఊరు, తర్వాత గల్లీ, ఆఖర్న పేరు. వెతుకులాట చిటికెలో ముగిసింది. కొన్నేళ్లకు రికార్డులు మళ్లీ పెరిగాయి. ఇక్కడే పుట్టిన పిల్లలు ఊరడిగితే "మాలూమ్ నహీ" అంటూ తల అడ్డంగా ఊపసాగారు. ఆ సొరుగులు లక్ష్మక్క జీవితమంతా సర్దుకున్నవి కాబట్టి, ఊరితో వెతకడం ఇక కుదరదని చెప్పడానికి భయపడ్డాను. చివరికి చెప్పేస్తే ఆమె నవ్వేసింది.

"ఊరు మర్సిపోయిన పోరగాండ్లను ఊరడిగితే ఏమొస్తది? ఆళ్లకు యాదున్నదే అడుగు. ఫోన్ నంబర్ యాదుంటది గద!"

లక్ష్మక్క ఇప్పుడు లేదు. నేను చూసే డేటా ఆ దవాఖానాకు ఎన్నో రెట్లు. ఏదైనా నెమ్మదిస్తే, యంత్రం జోలికి పోకముందే వివరాలు అడిగేవాళ్ల పక్కన వెళ్లి కూర్చుంటాను, వాళ్లు ఏం చెప్పి అడుగుతున్నారో వింటాను. ఆఫీసులో నవ్వుతారు. జవాబు ఆలస్యమైతే మాత్రం, అవతల ఎవరో సూది ముందు చెయ్యి చాచి ఉన్నారనే నాకింకా భయం. లక్ష్మక్క నాకిచ్చి వెళ్లింది ఆ భయమే. దాన్ని పోగొట్టుకోవాలని లేదు.