నాలుగో రూలు

పక్షవాతంతో నాన్న కుడిచెయ్యి పడిపోయాక, మా ఇంట్లో భోజనం వేళ అంటేనే నాకు గుబులు. ఎడమచేత్తో తినడానికి ఆయనకు మనసొప్పదు. అమ్మ ముద్దలు కలిపి నోట్లో పెడుతుంటే సిగ్గుతో కళ్లు మూసుకుని నమిలేవాడు. కార్ఖానాలో ఏళ్ల తరబడి క్రేన్ నడిపిన చెయ్యి అది. పిసుకుతుంటే చెయ్యి మళ్లీ స్వాధీనంలోకి వస్తుందని డాక్టరు ఇచ్చిన రబ్బరు బంతికి కిటికీలో దుమ్ము పట్టింది.

నాకేమో బొమ్మ సైనికులతో యుద్ధాలాడే పిచ్చి. నాన్నని ఆడించాలని ఆ ఆట రూల్స్ ప్రింటు తీస్తే నలభై పేజీలు వచ్చాయి. గుర్రాల అలసటకో లెక్క, ఫిరంగి గుండు గెంతే దూరానికో లెక్క. చదవడం అయ్యేసరికి యుద్ధం చేసే ఓపిక ఎవరికుంటుంది? విసుగొచ్చి పాత క్యాలెండర్ కాగితం వెనక మూడే రాశాను. ఒకటి: ఒక్కసారికి చీపురుపుల్ల పొడవు నడవాలి. రెండు: పుల్ల దూరంలో శత్రువుంటే లూడో పాచిక వెయ్యాలి, ఆరు పడితే దెబ్బ తగిలినట్టు. మూడు: తగిలినవాణ్ణి తీసెయ్యాలి.

సాక్చి బజారులో కొన్న బోల్టులే సైనికులు. గోళ్లరంగు పూసిన ఎర్రవి నావి, పుయ్యనివి నాన్నవి. చలికాలం ఆదివారం, కాసిడీహ్‌లోని మా ఇంట్లో మంచం మీదికి ఎండ వచ్చింది. నాన్న ముందు బొంత మడిచి కొండలు చేశాను. అమ్మది నీలం చీర పరిస్తే నది అయింది.

"నా సీర మీద మరక పడిందా, ఇద్దర్నీ సంపేత్తాను," అని అమ్మ వంటింట్లోకి పోయింది.

"ఏటే ఇది?" అన్నాడు నాన్న.

"జంగ్ హై నాన్నా, ఖేలో నా," అన్నాను, యుద్ధం, ఆడమని. ఈ హిందీ ఊళ్లో పుట్టి పెరిగినదాన్ని, మా ఇంట్లో తెలుగు ప్రశ్నకి హిందీ జవాబు మామూలే.

ఎడమచేత్తో ఆడాడు. నాకు ఆరు పడింది. ఆయన సైనికుణ్ణి తియ్యబోతే అరచేత్తో కప్పేశాడు.

"రిలీవర్ రాకుండా ఎలా తీత్తావే?"

"రూల్ అంటే రూల్!" అని అరిచాను. కోపం నాకు ముక్కు మీదే ఉంటుంది. అది ఆయన పోలికే.

కార్ఖానాలో సైరన్ మోగినంత మాత్రాన సీటు దిగకూడదు. తర్వాతి షిఫ్టువాడు, అదే రిలీవర్, వచ్చి పక్కన నిలబడాలి. రాకపోతే డబల్ డ్యూటీయే. నా పుట్టినరోజులు ఎన్నో అలా పోయాయి. ఆ రానివాళ్లని కడుపారా తిట్టుకునేదాన్ని.

"రాయి," అన్నాడు నాన్న. మూడోది కొట్టేసి నాలుగోది రాశాను: పడినవాడు అక్కడే ఉండాలి, ఇంకొకడు వచ్చి పక్కన నిలబడ్డాకే ఇంటికి పోవాలి.

ఆ తర్వాత అది యుద్ధంలా లేదు. పాచిక ఎటో దొర్లిపోయింది. బోల్టులన్నీ ఒకరి దగ్గరికొకరు నడుస్తున్నాయి. కొండలు పసుపురంగు తిరిగాయి. బోల్టుల నీడల్లో ఒకటి నాదేననీ, ఎవరినో ఇంటికి పంపడానికి నేనూ అలా నడుస్తున్నాననీ అనిపించింది. వంతు ఎవరిదో మరిచిపోయాను.

నది అవతల నా ఎర్రసైనికుడు ఒకడు పడి ఉన్నాడు. నాన్న బోల్టు ఆయన కుడివైపు ఉంది. ఎడమచెయ్యి అందలేదు. సాయం చెయ్యబోయి ఆగాను.

కుడిచేతి వేళ్లు కదిలాయి. బోల్టుని పట్టుకున్నాయి, జారవిడిచాయి. మళ్లీ పట్టుకున్నాయి, మళ్లీ జారింది. మూడోసారి లేచింది. బరువెత్తిన క్రేన్‌లా నెమ్మదిగా నది దాటింది. "వాడు నావాడు, నీ శత్రువు," అనబోయి నోరు మూసుకున్నాను. ఎవరివాడో నా రూల్లో లేదు.

నాన్న బోల్టుని వాడి పక్కన నిలబెట్టాడు. "ఒచ్చేసినాను. ఇంక నువ్వెల్లి బువ్వ తిను," అన్నాడు వాడితో.

అన్నం కలిపిన కంచంతో అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో చూసుకోలేదు. నాన్న కుడిచెయ్యి కంచం వైపు చాపాడు.

"నువ్వూ ఎల్లి తినే. నీ రిలీవర్ ఒచ్చేడు," అన్నాడు అమ్మతో.

అమ్మ కంచం తెచ్చి ఆయన ముందు, నది మీదే పెట్టింది. మొదటి ముద్ద సగం నోట్లోకి పోయింది, సగం చీర మీద పడింది. పప్పు మరక పెద్దదే అయింది. అమ్మ కంచాన్ని ఆ మరక మీదికే, ఆయనకి ఇంకాస్త దగ్గరగా జరిపింది.