వేడి దాచుకునే గోడలు, బాషా గారి తపన

షేక్ ఖాదర్ బాషా గారు ఇక లేరన్న వార్త ఉదయం టీ వేళకు రాస్ అల్ ఖైమాలోని మా సైటు ఆఫీసుకు చేరింది. నిద్రలోనే గుండె ఆగిందట. ముందురోజు సాయంత్రమే మా మేనేజరు సంగతి ఎత్తి "రేపు ముదీర్‌ని కలుద్దాం, నువ్వూ రావాల" అని నాతో చెప్పి వెళ్లిన మనిషి! మనస్సు ఇప్పటికీ అంగీకరించడం లేదు.

నెల్లూరు నుంచి వచ్చి, ఈ గల్ఫ్ తీరంలో నిర్మాణ ఇంజనీరుగా జీవితమంతా గడిపిన ఆయన నాకు గురుతుల్యులు. ఏ పదార్థం ఎంత వేడిని తనలో ఇముడ్చుకుంటుందన్నది, ఆ ఉష్ణధారణ శక్తి, ఆయనకు కేవలం శాస్త్రవిషయం కాదు. కార్మికుల నిద్రకు సంబంధించిన విషయం.

కార్మికుల క్యాంపులోని రేకు గదులు పొద్దెక్కకముందే పెనంలా కాలేవి. మందమైన కాంక్రీటు గోడలు కట్టాలని మా మేనేజరుకు, అంటే ముదీర్‌కు నచ్చజెప్పడానికి, ఆయన ఒక ఇనుప దిమ్మనూ అంతే బరువు నీళ్లనూ ఎండలో పెట్టించారు. ముదీర్ ఇనుమును ముట్టి చటుక్కున చెయ్యి తీశారు. నీళ్లు గోరువెచ్చగానే ఉన్నాయి.

"ఎండ ఒకటే సార్. నీళ్లు నిదానించినాయి. మందపాటి గోడ కూడా అట్నే నిదానిస్తుంది" అన్నారు బాషా గారు.

"ఖలాస్ బాషా, ఇక చాలు, ఒక గది కట్టు" అన్నారు ముదీర్ నవ్వుతూ.

కట్టారు. వేసవి రాగానే ఆ గదిలో ఉండే కార్మికుడు, జగిత్యాల ఎల్లయ్య వచ్చి నిలబడ్డాడు. "సార్, పగటీలి మంచిగుంటది. రాత్రి గోడలు కాలుతున్నయ్. నిద్ర వడ్తలేదు."

బాషా గారు వెళ్లి గోడకు అరచేయి ఆనించారు. "తప్పు నాదేనయ్యా. పగలంతా తాగిన వేడిని ఇప్పుడు మీ మీద కక్కతా ఉంది. మీ రాత్రి సంగతి నేను ఆలోచించలా" అన్నారు, మా అందరి ముందూ. మరునాడే దాన్ని మధ్యాహ్న విరామశాలగా మార్పించారు. మండుటెండకు పని ఆపే వేళ అది చల్లగా ఉండేది. గోడలు వేడెక్కేసరికి లోపల ఎవరూ ఉండేవారు కాదు.

నిద్రగదుల దిగులు మాత్రం ఆయనను వదల్లేదు. రేకులకు పైవైపున వేడిని చొరనివ్వని పొర వేయించాలని పట్టుబట్టారు. ముదీర్ వాయిదా వేస్తూ వచ్చారు. చివరి సాయంత్రం నన్ను రమ్మన్నది అందుకే.

అంత్యక్రియలయ్యాక నేనొక్కణ్ణే ముదీర్ దగ్గరికి వెళ్లి, తెలిసినంత చెప్పాను. ఆయన "చూద్దాం" అన్నారు. బాషా గారైతే ఆ మాట దగ్గర ఆగేవారు కాదు. విసుగన్నది లేకుండా మళ్లీ మొదటినుంచి వివరించేవారు. ఆ సహనం, ఆ వాగ్ధాటి మాలో ఎవరికీ లేవు.

గురువర్యా, ఎల్లయ్యవాళ్లు ఈ వేసవిలోనూ ఆ రేకుల కిందే పడుకుంటున్నారు. మీకు చేతులు జోడిస్తూ, చెప్పుకోవలసి వస్తున్న మాట ఇదే.