గుంటూరులో వన్స్‌మోర్ లేని మధ్యాహ్నం

అంకయ్య గారి గొంతు నేను మొదటిసారి విన్నది పదిహేడేళ్ల వయసులో, ఒంగోలు మిషను హాస్టలు గోడకు ఇవతల నిలబడి. అవతల మైదానంలో ‘పడవరాజు’ నాటకం ఆడుతున్నారు. రాజ్యం వదులుకుని కృష్ణ మీద పడవ నడుపుకునే రాజు కథ అది. మా వార్డెనమ్మ నాటకాలకు పంపేది కాదు. పద్యానికి గోడ అడ్డం కాదు కదా. ఏరు దాటించినందుకు కూలి ఇవ్వబోయిన యువకుడు తన కొడుకేనని తెలిసీ, తెలియనట్లు నటిస్తూ రాజు పాడే పద్యం ఆ సాయంత్రం మూడుసార్లు విన్నాను. జనం రెండుసార్లు వన్స్‌మోర్ అన్నారు మరి. అంతటితో ఆ పద్యం నాకు నోటికి వచ్చేసింది. పాడిన మనిషిని మాత్రం చూడలేదు. తర్వాత ఆ నాటక సమాజం విడిపోయింది, నాటకం ఆగిపోయింది.

కిందటి ఫిబ్రవరిలో గుంటూరు నుంచి మా వదిన కార్డు రాసింది. అరవై నాలుగేళ్ల అంకయ్య గారు మళ్లీ ఆ వేషం కడుతున్నారని, శుక్ర, శని, ఆదివారాల్లో మూడు ఆటలేనని, ఆ తర్వాత ఇక ఉండదని. రాత్రిపూట ఆయనకు ఆయాసం కాబట్టి ఆట మధ్యాహ్నం మూడింటికట. శుక్రవారం నాకు బడి ఉంది, పిల్లలకు కుట్టుపని నేర్పాలి. ఆదివారం ఆరాధన మానలేను. మిగిలింది శనివారం. ఈ వయసులో నాటకానికి బయలుదేరడం తగునా అని పాస్టరు గారిని అడిగాను. ఆయన నవ్వి, “వెళ్లి విని రండమ్మా. వచ్చాక మాకూ ఆ పద్యం పాడి వినిపించండి” అన్నారు.

ఒంగోలు నుంచి గుంటూరుకు రైలులో వెళితే తెనాలిలో బండి మారాలి. అందుకని నేను ఆరున్నర బస్సు ఎక్కాను. టికెట్టు రెండు రూపాయల డెబ్భై నయాపైసలు. ముందు వరసలో ఆడవాళ్ల సీటు దొరికింది. మద్దిపాడు దాటేసరికి ఎండ వచ్చింది. దారికి రెండువైపులా కోతకొచ్చిన మిరపచేలు, అక్కడక్కడా కళ్లాల్లో ఆరబోసిన కాయల ఎర్రదనం. మార్టూరు దగ్గర పత్తి బోరాల బండ్ల వరస వెనక మా బస్సు పావుగంట నత్తలా నడిచింది. ఆ పావుగంటలోనే నా వెనక సీటులో తగువు మొదలైంది.

“ఒరేయ్ రాఘవులూ, నువ్వు నియమాలు చదవకుండా మాట్లాడతావేందిరా?”

“చదివేదేంది? ఎప్పుడో ఆగిపోయిన అంకయ్య నాటకం మూడంటే మూడు రోజులు ఆడి బహుమతికి నిలబడుద్దా? అట్టయితే మా తాత కూడా నిలబడతాడు.”

“మీ తాతకు పద్యం రాదుగా! పాత నాటకమైనా ఫర్వాలేదు, మూడు ఆటలు ఆడితే చాలు. హాలు గోడకు అంటించిన కాయితం నా కళ్లతో చూశా.”

అంకయ్య గారి పేరు వినగానే వెనక్కి తిరిగి చూశాను. నియమాలు చదివినాయన పేరు మస్తాన్. దూది ఏకి పరుపులు కుట్టడం ఆయన వృత్తి, ఊరు చిలకలూరిపేట పక్కనే. ఒంగోలులో ఒక పెళ్లివారికి పరుపులు అప్పగించి, అటునుంచి అటే ఆటకు వెళుతున్నారు. రాఘవులు గారు మిరప రైతు, ఆయనకు చిన్ననాటి స్నేహితుడు. నేనూ ఆ నాటకానికే వెళుతున్నానని చెప్పేసరికి మస్తాన్ గారు సీటు అంచుకు జరిగి కూర్చున్నారు.

“అమ్మా, ఈరోజు ఆటకే నాటక పరిషత్తు వాళ్లు వస్తున్నారు. ముగ్గురు న్యాయనిర్ణేతలు. ఉత్తమ గాయకనటుడి బహుమతి ఆయనకు రాకపోతే ఇంకెవరికొస్తదండీ?”

“మరి ఇన్నాళ్లూ ఆ బహుమతి ఎందుకు రాలేదండి?” అని అడిగాను.

ఆయన మొహం చిన్నబోయింది. సమాధానం రాఘవులు గారు చెప్పారు. “మా వల్లేనమ్మా. ఆట రెండున్నర గంటల్లో అయిపోవాలి. దాటితే గంట కొట్టి, బహుమతి లెక్కలోంచి తీసేస్తారు. అంకయ్య గారు నోరు తెరిస్తే మేం ఊరుకుంటామా? వన్స్‌మోర్, వన్స్‌మోర్. పోటీకి నిలబడింది నాలుగుసార్లు, నాలుగుసార్లూ టైము దాటింది.”

“ఆయన బహుమతి మనమే తినేశాంరా” అన్నారు మస్తాన్ గారు.

చిలకలూరిపేటలో బస్సు అరగంట ఆగింది. స్టాండు ఎదుట పాక హోటల్లో పెసరట్టు బాగుంటుంది, రెండు అణాలు. పెనం దగ్గరున్న ఆవిడ అల్లం పచ్చడి వేస్తూ, “మస్తానూ, ఇవాళ నోరు మూసుకుని కూర్చుంటావంటగా. నీ వల్ల అవుద్దా?” అంది. అప్పుడు అర్థమైంది, వాళ్లు ఏదో ఏర్పాటు చేసుకున్నారని, అది ఊరంతటికీ తెలుసని. గుంటూరు, పేట, నరసరావుపేట అభిమానులందరూ ఒక మాట అనుకున్నారట. ఈ ఒక్క ఆటకు ఎవరూ వన్స్‌మోర్ అనకూడదు. చప్పట్లు కూడా వద్దు, చప్పట్లు మొదలైతే నోరు ఆగదు. ఈ సంగతి అంకయ్య గారి చెవిన పడకూడదు.

“తెలిస్తే ఒప్పుకోడమ్మా. మీరూ మాట ఇవ్వాలి” అన్నారు మస్తాన్ గారు.

నేను తల ఊపాను. పెద్దగా అరిచే అలవాటు నాకెటూ లేదు కాబట్టి అదేమంత కష్టమనిపించలేదు.

పదకొండుంబావుకు గుంటూరు చేరాం. మిర్చి కొట్లు మొదలయ్యే వీధి మలుపులోనే తుమ్ములు పట్టుకున్నాయి. రిక్షా అతను నవ్వుతూ, “కొత్తగా వచ్చారా అమ్మా? రెండు రోజులుంటే అలవాటైపోద్ది. మూడోరోజు ఘాటు లేకపోతే అన్నం సయించదు” అన్నాడు. వదిన ఇంటికి ఆరణాలు తీసుకున్నాడు. వదిన మోకాళ్ల నొప్పితో ఆటకు రాలేనంది. భోజనం చేసి, కాసేపు నడుం వాల్చి, రెండున్నరకల్లా హాలు దగ్గరికి చేరాను. ఆడవాళ్ల బెంచీ టికెట్టు రూపాయి. ఎడమవైపు మూడో వరసలో చోటు దొరికింది. అక్కడి నుంచి వేదికా, హార్మోనిస్టూ, ముందు బల్ల మీద న్యాయనిర్ణేతల గడియారమూ మూడూ కనిపిస్తాయి.

సరిగ్గా మూడింటికి తెర లేచింది. అంకయ్య గారు నేను ఊహించుకున్నంత పొడగరి కాదు. కిరీటం కింద బక్కపలచని ముఖం. కానీ మొదటి పద్యం ఎత్తుకోగానే నా ఒళ్లు జలదరించింది. ముప్పై మూడేళ్ల కిందట గోడ దాటి వచ్చిన గొంతు అదే. కాస్త గరగర తోడైంది, అంతే. పద్యం చివర రాగం తీసి, వన్స్‌మోర్ కోసం కాబోలు, కుడిచేయి హార్మోనిస్టు వైపు చాచి ఆగారు.

హాలు నిశ్శబ్దంగా ఉంది.

అంత నిశ్శబ్దాన్ని నేను మా ప్రార్థన గుడిలో కూడా వినలేదు. ఎక్కడో ఒకరు తుమ్మారు. అంకయ్య గారి చేయి గాలిలోనే ఒక క్షణం ఉండి, మెల్లగా దిగింది. రెండో పద్యం ఇంకా పై శ్రుతిలో ఎత్తుకున్నారు. మళ్లీ అదే మౌనం. మూడో పద్యానికి గొంతు బిగబట్టి పాడారు. మెడ నరాలు తేలాయి. నాలుగోది వచ్చేసరికి చేయి చాచడం మానేశారు. మగవాళ్ల వైపు చూస్తే మస్తాన్ గారు పైపంచె నోట్లో కుక్కుకుని కూర్చున్నారు, కళ్ల వెంట ధారలు. రాఘవులు గారు తలొంచుకుని నేలకేసి చూస్తున్నారు. గడియారం మాత్రం అనుకున్నట్టే నడుస్తోంది. విరామం వేళకు నాలుగూ పది. ఐదున్నరలోపు హాయిగా అయిపోతుంది.

మంచినీళ్ల కూజాలు హాలు వెనక నడవలో పెట్టారు. నీళ్లు తాగుతుంటే పక్కగది తలుపు ఓరగా తెరిచి ఉంది. అంకయ్య గారు ట్రంకుపెట్టె మీద కూర్చుని ఉన్నారు. కిరీటం ఒళ్లో ఉంది.

“గొంతు పోయిందిరా” అంటున్నారు హార్మోనిస్టుతో. “నాకే తెలియలేదు. జనం మర్యాదకి కూర్చున్నారు. రేపటి ఆట వద్దని చెప్పెయ్.”

హార్మోనిస్టుకు సంగతి తెలుసు. అతని ముఖం చూస్తే తెలుస్తోంది. అయినా టీగ్లాసులోకి చూస్తూ ఊరుకున్నాడు. అతనూ మాట ఇచ్చిన మనిషే.

ఇచ్చిన మాట తప్పకూడదని చిన్నప్పటి నుంచీ నేర్చుకున్నాను, పిల్లలకు నేర్పుతున్నాను కూడా. ఆ తలుపు దగ్గర నిలబడి కళ్లు మూసుకుని ప్రార్థించాను. ప్రార్థనలో నాకు జవాబేమీ వినిపించలేదు. అయినా కాళ్లు లోపలికి నడిచాయి.

“అయ్యగారూ, మీ గొంతు పోలేదండి” అన్నాను. “వాళ్లు నోళ్లు కట్టుకుని కూర్చున్నారు. రెండున్నర గంటలు దాటితే మీకు బహుమతి రాదని, అందరూ కూడబలుక్కున్నారు.”

ఆయన తలెత్తారు. “ఎవరమ్మా నువ్వు?”

“ఒంగోలులో మిషను హాస్టలు గోడ పక్క నుంచి మీ పద్యం విన్నదాన్నండి.”

ఆయన ఏదో అనబోయేంతలో తెర గంట మోగింది. కిరీటం పెట్టుకుని లేచారు. నేను నా బెంచీకి వచ్చేశాను.

రెండో భాగంలో ఆయన వేరే మనిషి. రాగం సాగదీయలేదు, బిగబట్టలేదు, తీరిగ్గా తెడ్డు వేస్తున్నట్టు పాడారు. చివరి రంగంలో ఆ పడవ పద్యం వచ్చింది. కొడుకు కూలి డబ్బులు అందిస్తుంటే పుచ్చుకోక, ఆ చేతిని మాత్రం కాస్త ఎక్కువసేపు పట్టుకునే పద్యం. గోడ అవతల ఇలా చేయి పట్టుకున్నారని నాకు ఇన్నేళ్లూ తెలియదు. పద్యం అయ్యేసరికి ఐదూ ఇరవై ఐదు. మిగిలింది నాలుగు మాటల సంభాషణ, తెర.

అంకయ్య గారు ముందుకు వచ్చారు. జనం వంక, పంచె నోట కుక్కుకున్న ఆ మగవాళ్ల వరసల వంక చూసి రెండు చేతులూ జోడించారు. హార్మోనిస్టుకు తల ఊపారు. ఎవరూ అడగకుండానే, ఆ పద్యం మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నారు.

రాగం మధ్యలో ఉండగా న్యాయనిర్ణేతల బల్ల మీద గంట మోగింది. ఆయన ఆగలేదు. గంట మోగిన చోటే ఇంకొంచెం సేపు నిలిచి, తనకు నచ్చినంత దూరం వెళ్లి వచ్చారు. తెర పడేసరికి ఐదూ ముప్పై ఎనిమిది. అప్పుడు లేచిన చప్పట్లకు పైకప్పు రేకులు అదిరాయి.

దాచడం తప్పనిపించి, అంకయ్య గారికి సంగతి చెప్పింది నేనేనని బయట మస్తాన్ గారితో అన్నాను. ఆయన అక్కడే మెట్టు మీద కూలబడ్డారు. “ఎంత పని చేశారమ్మా. ఎనిమిది నిమిషాలు. ఎనిమిది నిమిషాల్లో పోయింది.”

“ఊరుకోరా, ఆయనకు ఇష్టమై పాడాడు” అన్నారు రాఘవులు గారు.

“నీకేం తెలుసు? ఆయనింట్లో గోడకు ఒక్క మెడల్ కూడా లేదురా.”

ఇంతలో పక్క తలుపులోంచి అంకయ్య గారే వచ్చారు. సగం రంగు తుడిచిన ముఖం, భుజాన తువ్వాలు. మస్తాన్ గారి ముందు నిలబడి, గడ్డం పట్టుకుని తల పైకెత్తారు.

“నా బహుమతి సంగతి నేను చూసుకుంటా గానీ, రేపు నీ గొంతు ఇంటిదగ్గర పెట్టి రాబాకు.”

మస్తాన్ గారు ఏడుస్తూనే నవ్వారు. అంకయ్య గారు నా వైపు తిరిగారు. నమస్కారం పెట్టి లోపలికి వెళ్లిపోయారు.

ఉత్తమ గాయకనటుడి బహుమతి మరొకరికి వచ్చింది. ఆ వార్త పత్రికలో చదివిన రోజు నాకు అన్నం దిగలేదు. నేను నోరు తెరవకుండా ఉంటే ఆయన గోడకు ఒక మెడల్ ఉండేదేమో. తన గొంతు పోయిందన్న నమ్మకం కూడా ఆయన దగ్గర ఉండిపోయేది. రెంటిలో ఏది బరువో తూచడం నా వల్ల కాదు. తూచగలవానికే ఆ రాత్రి ప్రార్థనలో అప్పగించాను. వాళ్ల ప్రేమ తక్కువదని మాత్రం నేను అనను. కోరిన పద్యాన్ని కోరకుండా రెండు గంటలు కూర్చోవడం ఎంత కష్టమో పక్కనే ఉండి చూశాను. అయితే మనం నోరారా చెప్పని ప్రేమ అవతలివారికి ఒక్కోసారి తిరస్కారంలా వినిపిస్తుంది. ఆదివారం ఆట ఏడున్నర దాకా సాగిందని, పడవ పద్యం నాలుగుసార్లు పాడించారని వదిన రాసింది.

పద్యనాటకానికి గుంటూరు వెళ్లదలచినవారికి ఒక్క మాట. టికెట్టు కొనేముందు పరిషత్తు వాళ్లు ఏ రోజు ఆటకు వస్తున్నారో కిటికీ దగ్గర అడగండి. ఆ రోజు కాకుండా ఇంకో రోజు వెళ్లండి.