నేను రాసిన రాజీనామా

మొన్న ఆదివారం మా అమ్మాయి గురుగ్రామ్ నుంచి ఢిల్లీ ద్వారకలోని మా ఇంటికి వచ్చింది. ఏడు నెలల పిల్లాణ్ణి నా ఒళ్లో కూర్చోబెట్టి ఫోను తీసింది. ప్రసూతి సెలవు అయిపోయింది. ఆఫీసుకి రమ్మంటున్నారు. పిల్లాణ్ణి చూసుకునే మనిషి కుదరడం లేదు.

"నాన్నా, రిజిగ్నేషన్ మెయిల్ రాసిపెట్టవా? నీకైతే పాంచ్ మినిట్ కా కామ్."

వంటింట్లోంచి మా ఆవిడ అందుకుంది. "రాయించుకోవే. నాదీ ఆయనే రాశారు. ఆఫీసులో ఒక్క అక్షరం దిద్దలేదు."

అమ్మాయి నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

మా ఆవిడ అప్పట్లో కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో అసిస్టెంటు. పెళ్లికి ముందు కరోల్ బాగ్‌లో ముగ్గురమ్మాయిలు ఒకే గదిలో ఉండి పోటీ పరీక్షలకి చదువుకుంటే, ఈమెకి వచ్చిన ఉద్యోగం అది. మేమున్న క్వార్టరు కూడా ఆమెకిచ్చిందే. గుమ్మం పక్కన బోర్డు మీద ఆమె పేరుండేది. నేనొక తెలుగు దినపత్రికకి ఢిల్లీ విలేకరిని.

అమ్మాయికి మూడేళ్లప్పుడు, పగలు దాన్ని చూసుకునే పక్కింటి ఆంటీ వాళ్లకి బదిలీ అయింది. ఆ చలికాలమంతా పిల్లకి దగ్గు. ఎవరో ఒకరు ఇంట్లో ఉండాలనుకున్నాం. ఆ ఒకరు ఎవరన్నది మాత్రం మాట్లాడుకున్న గుర్తు లేదు.

ఒక సాయంత్రం నాలుగు వాక్యాలు రాసిచ్చాను. కుటుంబ కారణాల వల్ల, ఇష్టపూర్వకంగా తప్పుకుంటున్నానని. ఆమె చదివి, "ఇష్టపూర్వకంగా అని ఉండాలాండీ?" అంది.

"లేకపోతే ఫైలు వెనక్కొస్తుంది."

సంతకం పెట్టింది.

మా వృత్తిలో ఒక పద్ధతుంది. ఎవరి గురించి వార్త రాసినా వాళ్ల వివరణ తీసుకోవాలి. దొరక్కపోతే, ప్రయత్నించినా అందుబాటులోకి రాలేదని చివర్లో రాయాలి. ఒక చిన్న గుమాస్తా వివరణ కోసం రెండు గంటలు బయట నిలబడ్డవాణ్ణి నేను. ఆ సాయంత్రం ఈమె నాకు నాలుగడుగుల దూరంలోనే ఉల్లిపాయలు తరుగుతోంది, అయినా అడగలేదు.

క్వార్టరు ఖాళీ చేసి అద్దె ఇంటికి మారాం. ప్రభుత్వంలో రాజీనామా చేసినవాళ్లు తొంభై రోజుల్లోపు మనసు మార్చుకుంటే, వెనక్కి తీసుకోమని అడగొచ్చు. ఆ సంగతి నాకు బాగా తెలుసు, నేను తిరిగేది ఆ ఆఫీసుల చుట్టూనే. ఒక పొద్దున టీ ఇస్తూ ఆమె అంది: "గురువారంతో తొంభై రోజులు అయిపోతాయండీ."

"అచ్ఛా," అన్నాను, పక్క పేపరువాళ్లకి దొరికి నాకు దొరకని వార్త చదువుకుంటూ.

నేను టీ తాగేదాకా అక్కడే నిలబడింది. ఖాళీ గ్లాసు తీసుకుని వెళ్లిపోయింది. గురువారం దాటిపోయింది. శుక్రవారం మామూలుగానే తెల్లారింది.

ఇన్నేళ్లకి, ఒళ్లో మనవడితో, వంటింటి వైపు తిరిగి అడిగాను. "ఆ గురువారం సంగతి నాకెందుకు చెప్పావు?"

పిండి చేత్తోనే గుమ్మంలోకి వచ్చింది. "ఎడిషన్ అచ్చుకి వెళ్లిపోయాక వివరణ తీసుకుంటున్నారా?" అంది. చేతి పిండి దులుపుకుంటూ, "వెళ్లమంటారేమోనని చెప్పాను," అంది.

అమ్మాయి ఫోను పక్కన పెట్టింది. "నాకెప్పుడూ చెప్పలేదేంటమ్మా?"

"ఎవరడిగారే?"

మెయిల్ నేను రాయలేదు. "నీకు ఉద్యోగానికి వెళ్లాలనుందా?" అని అమ్మాయిని అడిగాను. పిల్లాడి వైపు చూడకుండా, "జానా తో హై, వెళ్లాలనే ఉంది," అంది.

"అయితే వెళ్లు. పగలు నేను వచ్చి వీణ్ణి చూసుకుంటాను. రిటైరైనవాణ్ణి, నాకేం పని?"

"పాలు కలపడం వచ్చా?" అంది మా ఆవిడ.

"నేర్చుకుంటాను."

ఆమె నా మొహంలోకి ఒకసారి చూసి స్టవ్ దగ్గరికి వెళ్లిపోయింది. నేను చూసుకుంటానన్న మాట ఎంత తేలిగ్గా వచ్చింది నా నోటికి! అప్పుడూ ఇంతే తేలిగ్గా వచ్చేదేమో. ఆ పొద్దున పేపరు మడిచి, తలెత్తి ఉంటే.