అమ్మ ఒళ్లో ఆగని పాప

1944వ సంవత్సరం. సిద్దిపేట బజారులో ఒక మేడ మీద నాదొక చిన్న ఫొటో స్టూడియో ఉండేది. కరెంటు దీపాలు లేవు. పైకప్పుకు బిగించిన అద్దాల్లోంచి దిగే ఎండే మాకు వెలుగు. బొమ్మ పడేది ఫిల్ము మీద కాదు, మందు పూసిన గాజు పలక మీద. దాన్ని ప్లేటు అంటాం. యుద్ధం వల్ల ప్లేట్లు దొరకడమే కష్టంగా ఉండేది. ప్లేటు మీద వెలుగు పడేందుకు లెన్సు తెరిచి ఉంచే కాలాన్ని ఎక్స్‌పోజర్ అంటారు. ఆ కాసేపు మనిషి కదిలితే మొహం చెదిరిపోతుంది. అందుకే పసిపిల్లలు వస్తే వాళ్ల చూపు ఎటు పోతోందో, ఎవరి గొంతు వింటే కుదురుకుంటారో ముందు కనిపెట్టేవాణ్ణి. మా పనిలో సగం అదే.

ఆ చలికాలం పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లు తిరుగుతున్నారని ఊళ్లో పుకారు పుట్టింది. సరిగ్గా ఆ రోజుల్లోనే బట్టల దుకాణం విశ్వనాథం ఒక యువతినీ, నడక ఇంకా సరిగా రాని ఆడపిల్లనూ తీసుకుని స్టూడియోకు వచ్చాడు. నా భార్య సుగుణ, నా బిడ్డ రుక్కు అని చెప్పాడు. నాకు ఆశ్చర్యం వేసింది. అతను మా ఊళ్లో దుకాణం తెరిచి ఏడాది కావస్తోంది. అన్నాళ్లూ ఒంటరిగానే ఉన్నాడు, వెనక గదిలో తానే వండుకు తిన్నాడు. ఇంటామె సంగతి ఎవరైనా ఎత్తితే మాట మార్చేవాడు. పైగా వాళ్ల వెనకే వచ్చిన మల్లవ్వ అనే పనిమనిషిని మెట్లెక్కనివ్వకుండా కిందనే ఆపేశాడు.

సుగుణను కుర్చీలో కూర్చోబెట్టి పాపను ఒళ్లోకి ఇచ్చాను. ఇచ్చిన మరుక్షణం పాప విల్లులా వెనక్కి వంగి గుక్కపట్టింది. ఆ తల్లికి బిడ్డను పట్టుకోవడమే తెలియనట్టు కనిపించింది. చంకల కింద చేతులు పెట్టి, ఎవరో అప్పగించిన సామానులా ఎత్తి పట్టుకుంది. గిలక్కాయ ఊపాను, చిటికెలు వేశాను. పాప చూపు మాత్రం మెట్ల వైపే. ఇంతలో కింద ఎవరితోనో మల్లవ్వ మాట్లాడిన గొంతు వినబడింది. పాప ఏడుపు ఠక్కున ఆగింది. చెవులు రిక్కించి విన్నది. ఆమె కనబడకపోయేసరికి మళ్లీ మొదలుపెట్టింది. నా ప్లేటు ఒకటి పాడైంది.

ఎండ తగ్గిందని చెప్పి వాళ్లను మర్నాడు రమ్మన్నాను. నిజానికి ఎండ తగ్గలేదు, నా అనుమానం పెరిగింది. మెట్ల కింద మల్లవ్వ చేతుల్లో పడగానే పాప ఆమె మెడలో మొహం దాచుకోవడం కళ్లారా చూశాను. పేదరాలి బిడ్డను ఈ సావుకారి తీసుకుని, తమ బిడ్డేనని లోకానికి చూపడానికి ఫొటో తీయించుకుంటున్నాడా? అలాగైతే ఆ మోసానికి సాక్ష్యం తయారుచేసేది నా చేతులే.

మర్నాడు ఆడవాళ్లిద్దరూ పాపతో ముందుగా వచ్చారు. మల్లవ్వను పక్కకు పిలిచి, పిల్ల నీదేనా అని అడిగాను.

"నాది గాదయ్యా. నేను కన్నది గాదు," అంది తల దించుకుని.

మరి నీ గొంతు వింటేనే ఎందుకు ఆగుతోందంటే భయంగా సుగుణ వైపు చూసింది. ఈమె నోరు ఎవరో కట్టేశారని నాకు రూఢి అయిపోయింది. విశ్వనాథం రాగానే, సంగతి తేలితే గానీ ఫొటో తీయననీ, అవసరమైతే ఠాణాలో అమీన్ సాబ్‌కు చెబుతాననీ అన్నాను. అతని మొహం పాలిపోయింది. నోరు విప్పింది సుగుణ.

"బిడ్డ నాదే. కన్నంక నాకు క్షయ వచ్చింది. గుట్ట మీది దవాఖానల పెట్టిన్రు. ఇగ జబ్బు లేదన్నంకనే వచ్చిన. క్షయ ఇల్లని తెలిస్తే దుకాణం గడప ఎవరు తొక్కుతరు? గందుకే ఈయన ఎవరికీ చెప్పలే."

పోయిందనుకున్న తమ కూతురు సుగుణ బతికి ఇల్లు చేరిందని పుట్టింటివాళ్లకు చూపడానికే ఆ ఫొటో. పాపను ఇన్నాళ్లూ చింతమడక ఊళ్లో విశ్వనాథం మేనత్త ఇంట్లో ఉంచారట. మల్లవ్వ ఆ ఇంట్లో పనిచేసే మనిషి. జబ్బు సంగతి ఎక్కడ నోరు జారుతుందోనని మొదటి రోజు ఆమెను కిందనే ఆపాడట.

నా అనుమానం తీరింది గానీ, సుగుణ తన అనుమానం బయటపెట్టింది. "గీమె నా బిడ్డకు ఏదో మందు పెట్టింది. లేకుంటే కన్నతల్లిని జూసి గట్లెందుకు ఏడుస్తది? పాలిచ్చి మరిపిచ్చిందేమో. ఫొటో దిగంగనే ఊరికి పంపిస్త."

"నా తాన పాలేడియమ్మా? మేకపాలు తాపింది మీ అత్తమ్మ. ఏడిస్తే నేను ఎత్తుకున్న, గంతే," అంది మల్లవ్వ.

విశ్వనాథం కూడా అది నిజమేనన్నాడు. మేనత్త ఒళ్లో పాలు తాగడం అయిపోగానే పాప మల్లవ్వ వైపే పాకేదట. సుగుణ నమ్మినట్టు కనబడలేదు.

మల్లవ్వను కెమెరా పక్కన నిలబెట్టాను. ఆమె కనబడేసరికి పాప సుగుణ ఒళ్లో కుదురుగా కూర్చుంది. ఫొటో బాగా వచ్చింది. అది తీసుకోవడానికి వచ్చిన రోజు సుగుణ దాన్ని చాలాసేపు చూసింది.

"నా దిక్కు సూస్తలేదు," అంది.

"మల్లవ్వ కండ్ల ముందట ఉన్నదని ధైర్యం, తల్లీ. గందుకే మీ ఒళ్లె కూసున్నది. ఆమెను పంపిస్తే మల్ల మొదటికొస్తది," అన్నాను. నా లెక్క కెమెరా వరకే. ఇంటి సంగతి ఆమె ఇష్టం. ఫొటోను కొంగులో చుట్టుకుని వెళ్లిపోయింది. మల్లవ్వను ఊరికి పంపేసి ఉంటుందనే అనుకున్నాను.

ఎండాకాలంలో మళ్లీ వచ్చారు. మల్లవ్వ కూడా ఉంది. ఆమెను దగ్గర కూర్చోబెట్టుకునే పాపకు నీళ్లు పోయడం, అన్నం పెట్టడం, జోకొట్టడం మొదలుపెట్టానని సుగుణ చెప్పింది. మొదట్లో ఆమె మీద ఓ కన్నేసే ఉంచిందట. నేను కెమెరా సర్దుతుండగా పాప ఇద్దరి మధ్యా తప్పటడుగులు వేస్తోంది. అంతలో అద్దాల కప్పు మీదికి ఒక కోతి ధబేలున దూకింది. పాప బెదిరిపోయింది. మల్లవ్వ చేతులు చాచి సగం లేచింది. పాప ఆమెను చూసింది, గిరుక్కున తిరిగి సుగుణ దగ్గరికి పోయి మొహం ఒళ్లో దాచుకుంది.

సుగుణ కదలలేదు. బిడ్డ వీపు మీద చెయ్యి వేసి, కన్నీళ్లతో మల్లవ్వ వైపు చూసింది. మల్లవ్వ మెల్లగా కూర్చుని కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"గాడ కూసున్నవేంది? ఫొటోల నువ్వు గూడ ఉండాలె, రా," అంది సుగుణ. ఆ రోజు తీసింది ముగ్గురి ఫొటో.

చాలా ఏళ్ల తర్వాత, మనస్తత్వశాస్త్రం చెప్పే ఒక లెక్చరర్ మా స్టూడియోకు వస్తే ఈ సంగతంతా చెప్పాను. పాలిచ్చే చేతికే బిడ్డ అలవాటు పడుతుందని పూర్వం పండితులు అనుకునేవారట. ఏడ్చినప్పుడల్లా పలికే మనిషినే బిడ్డ అంటిపెట్టుకుంటుందనీ, భయం వేస్తే ఆమెనే వెతుక్కుంటుందనీ తర్వాతివారు చెప్పారట. అలాంటి మనిషిని ఒక్కసారిగా దూరం చేస్తే బిడ్డ మొదట ఏడుస్తుంది, ఆపైన దిగులుపడి మౌనమైపోతుంది. ఆ మౌనాన్ని చూసి పెద్దలు మరిచిపోయిందని మోసపోతారు అన్నాడాయన. ఒకరికంటే ఎక్కువమందితో కూడా పసివాళ్లకు అలాంటి ముడి పడుతుందట. ఆయన చెప్పిన పేర్లేవీ నాకు గుర్తులేవు.

సుగుణ కుటుంబం వల్ల నా పనిలో ఒక్కటి మారింది. పసిపిల్లతో ఎవరొచ్చినా, తల్లి ఎవరని అడగడం మానేశాను. ఇంట్లో ఈ బిడ్డ ఏడిస్తే ఎవరు ఎత్తుకుంటారని అడిగి, ఆ మనిషిని కెమెరా పక్కన నిలబెట్టేవాణ్ణి.